రెండు బారలు ఎక్కువ

మొన్న శుక్రవారం పొద్దున ఫోన్ వచ్చింది. "అన్నా, అబ్బా పోయినాడు. నిద్రలోనే," అన్నాడు చాచా పెద్దకొడుకు, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న వాళ్ళ ఇంటి నుంచి. నాకు ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది. ఆయన తలపుకొచ్చినప్పుడల్లా నాకు ముందుగా వచ్చేది అదే. ఎందుకో చెప్పకుండా ఆయన గురించి మంచి మాటలు రాస్తే అది దొంగ రాత అవుతుంది.

దుబాయ్ పోతున్నానని ఊరంతా చెప్పి బయల్దేరాను గాని, విమానం దిగాక నన్ను తీసుకెళ్ళింది ఉమ్ అల్ క్వైన్‌కు. ఎనభైల మొదట్లో మాట. కరీంనగర్ వైపు మేస్త్రీ పని చేసినవాణ్ణి. కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, తన తోట ఇంటికి ప్రహరీ కట్టడానికి నన్ను పెట్టుకుని, గోడ పూర్తయ్యాక కూడా అక్కడే ఉంచేశాడు. ఆ ఇల్లు ఖోర్ ఒడ్డున ఉండేది. ఖోర్ అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ. చుట్టూ మడచెట్లు, బురద, పక్షులు. కఫీల్ పడవ చూసుకునే మనిషి అక్కడ అప్పటికే ఒకాయన ఉన్నాడు. నెల్లూరు ముస్లిం. నేను చాచా అనేవాణ్ణి. మొదటిరోజు ఆయన నోట తెలుగు వినగానే నేను గొల్లుమన్నాను. ఆయన నవ్వి, "ఏందబ్బయా, ఈడ ఉప్పునీళ్ళు చాల్లేదా నీకు?" అన్నాడు.

చలికాలంలో ఆ ఖోర్‌కు పెద్దబాతుల గుంపు ఎప్పుడైనా ఒకటి వచ్చేది. కఫీల్‌కు వాటి వేట మీద ప్రాణం. బయటి దేశం నుంచి ఇరవైనాలుగు ప్లాస్టిక్ బాతులు తెప్పించాడు. ఒక్కోదాని కడుపు కింద తాడు, తాడు కొసన సీసపు గుండు. గుండు అడుగున బురదలో కూర్చుంటే బొమ్మ కొట్టుకుపోకుండా నీళ్ళ మీద తేలుతుంది. పైన పోయే బాతులు చూసి, తమవాళ్ళే ఉన్నారనుకుని దిగాలి. ఖర్జూరపు మట్టల తడిక చాటున తుపాకులు కాచుకుని ఉంటాయి.

ఆ బొమ్మలు నిలపడం చాచా పని. నేనైతే దారం పట్టి ఇటుకలు పేర్చినట్టు వరసలు కట్టాను మొదటిసారి. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "గోడ కడతా ఉండావా? బాతులు బడికి పోతాయా లైన్లో?" అని వరసలన్నీ చెరిపేశాడు. ముక్కులు గాలికి ఎదురుగా ఉండాలనేవాడు. కొన్ని దగ్గరగా, కొన్ని ఎడంగా పెట్టి, మధ్యలో మాత్రం నీళ్ళు ఖాళీగా వదిలేవాడు. "బాతు దిగేది బొమ్మని చూసి కాదబ్బయా. తనకి జాగా ఉండాదా అని చూసి." పని అయ్యాక ప్రతి బొమ్మనూ మంచినీళ్ళతో కడిగి తుడిచేవాడు. ఇంకో అలవాటు ఉండేది. నీళ్ళలోకి దిగే ముందు చెప్పులు విడిచి, వాటి ముఖం ఒడ్డు వైపుకు తిప్పి పెట్టేవాడు.

అప్పటికి చాచా తన ఇల్లు చూసి నాలుగేళ్ళయింది. నేను వచ్చి రెండేళ్ళు దాటింది. నేను వచ్చాక పుట్టిన నా బిడ్డ ఫొటోలోనే నడక నేర్చుకుంటోంది. పాస్‌పోర్టులు కఫీల్ బీరువాలో. పడవకీ తోటకీ ఒక మనిషి ఉండి తీరాలి కాబట్టి, ఇద్దరిలో సెలవు ఒక్కరికే. ఆ చలికాలం వంతు చాచాది. ఆయనకు తెలుగు చదవడం రాదు, ఉత్తరాలు నేనే చదివి పెట్టేవాణ్ణి. తల్లి లేని ఆయన్ను పెంచిన అక్క మంచం పట్టిందని ఉత్తరం వచ్చింది. ఆమెను ఆయన ఆపా అనేవాడు. ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు. ఆయన అడిగితే కఫీల్, "శుక్రవారం నా మెహమాన్ వేటకొస్తున్నాడు. అది బాగా జరగనీ, శనివారం నీ పాస్‌పోర్టు నీ చేతిలో ఉంటుంది," అన్నాడు. మెహమాన్ అంటే అతిథి.

గురువారం మధ్యాహ్నం చాచా పడవ ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. పాత తాళ్ళు ఉప్పుకు కుళ్ళిపోయాయి, కొత్తవి కోసి కట్టమని నాతో అన్నాడు. నేను నీళ్ళలోకి దిగి చూశాను. మొలలోతు. మొల దాకా కొలిచి, ఒక జానెడు ఎక్కువ వదిలి, ఇరవైనాలుగూ ఒకే కొలతన కోశాను. ఎంత పొందిగ్గా చేశానో అని మురిసిపోయాను కూడా. మా ఊరి చెరువు వానకు నిండుతుంది, ఎండకు తగ్గుతుంది. పొద్దున ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి లేచి నిలబడతాయని నాకు ఏ చెరువూ చెప్పలేదు. రెండేళ్ళు సముద్రం పక్కన బతికి, ఆటూపోటూ నా కళ్ళముందే జరుగుతుంటే, పైపైన చూశానే తప్ప లెక్కలోకి తీసుకోలేదు.

శుక్రవారం ఇంకా చీకటి ఉండగానే, నీళ్ళు తగ్గి ఉన్న ఆటు వేళ, చాచా బొమ్మలన్నీ నిలిపాడు. తాడు పొడవు ఆ చీకట్లో ఆయనా చూసుకోలేదు. కఫీల్, ఆయన మెహమాన్ తడిక చాటుకు చేరారు. వాళ్ళ వెనక మేమిద్దరం. తుపాకుల్లో తూటాలు పెట్టాక ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు.

తూర్పు తెల్లబడుతుండగా పోటు మొదలయింది. అంచున ఉన్న బొమ్మ ఒకటి మెల్లగా తిరిగింది. గాలికి ఎదురుగా ఉండాల్సిన ముక్కు మడచెట్ల వైపు తిరిగింది. తర్వాత ఇంకొకటి. నీళ్ళు లేస్తున్నాయి, గుండ్లు బురద వదిలేస్తున్నాయి. చాచా నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "తాడు ఎంత?" అని చెవిలో అడిగాడు. నేను నా నడుం చూపించాను. దూరంగా బాతుల అరుపు వినిపించింది.

ఆయన చెప్పులు విడిచాడు. ఆ తొందరలో కూడా వాటిని ఒడ్డు వైపుకు తిప్పాడు. చప్పుడు లేకుండా పక్కనుంచి నీళ్ళలోకి జారిపోయాడు. కాసేపటికి గడ్డం దాకా మునిగి, కొట్టుకుపోయే బొమ్మల్ని ఒక్కొక్కటే వెనక్కి లాగుతున్నాడు. ఆ మసక వెలుతురులో ఆయన తడిసిన నల్లటి తలకూ బొమ్మబాతుకూ తేడా తెలియడం లేదు. నాకు ఈత రాదు. నా కళ్ళు ఆయన మీదా, మెహమాన్ వేలి మీదా మార్చి మార్చి పోతున్నాయి. బాతులు మడచెట్ల మీదుగా కిందికి వాలాయి. మెహమాన్ తుపాకీ లేచింది. గొట్టం తిన్నగా చాచా తల ఉన్న వైపుకు దిగుతోంది.

"ఆగుండ్రి! మనిషి! మనిషున్నడు!" అని అరిచాను. ఆ భాష వాళ్ళకు అర్థం కాకపోయినా గొట్టం పైకి పోయింది. తూటా ఆకాశంలోకి పేలింది. బాతులు చెదిరి, సముద్రం వైపు వెళ్ళిపోయాయి. ఆ చలికాలం మళ్ళీ రాలేదు.

కఫీల్ ముఖం నల్లబడింది. ఒక బొమ్మను తాడుతో సహా ఎత్తి మా ముందు పట్టుకుని, "రస్సీ కౌన్ కాటా?" అన్నాడు. తాడు కోసిందెవరని.

ఒక కేకకు లేచిన గొంతు ఒక మాటకు లేవలేదు. నా బిడ్డ గుర్తొచ్చింది, పాస్‌పోర్టు గుర్తొచ్చింది. నేల చూశాను. పక్కన నీళ్ళు కారుతూ, చలికి పళ్ళు కొట్టుకుంటూ చాచా, "మైనే," అన్నాడు. నేనే.

"నీ సెలవు ఖలాస్," అన్నాడు కఫీల్. తర్వాత నా వైపు తిరిగి, "తుమ్ జావ్," అన్నాడు. సెలవు మీద నువ్వు పో అని.

ఆ సాయంత్రం నేను, "చాచా, నేను వోయి నిజం చెప్త," అన్నాను. అన్న తీరులోనే పోనని తెలిసిపోయి ఉంటుంది. ఆయన బొమ్మలు తుడుస్తూ, "సముద్రం ఎరిగినోడు ఎరగనోడికి చెప్పాల. నేను చెప్పలా. తప్పు ఎరిగినోడిదే అబ్బయా," అన్నాడు. నాకు కావలసింది అదే. రెండోసారి అడగలేదు.

ఆపా కోసం ఒక ఉన్ని శాలువా నా పెట్టెలో పెట్టాడు. "ముందు నీ బిడ్డని చూసుకో. ఆనక పోదువులే." మా ఊళ్ళో వారం ఉండి నెల్లూరు వైపు రైలెక్కాను. ఆమె మంచంలో ఉంది, మాట మాత్రం గట్టిగానే ఉంది. శాలువా కప్పుకుని నా చెయ్యి వదల్లేదు. "వాడు నీళ్ళలో దిగేటప్పుడు చెప్పులు ఎట్టా పెడతాడు?" అని అడిగింది. ఒడ్డు వైపుకు తిప్పి పెడతాడని చెప్పాను. "నేనే నేర్పినా. తిరిగొచ్చే బుద్ధి ఉండాలని," అని నవ్వింది. ఎప్పుడొస్తాడని అడిగింది. తొందర్లోనే అన్నాను. ఎందుకు రాలేదో చెప్పలేదు.

నేను తిరిగి వెళ్ళిన నెలకు ఆమె పోయిందని ఉత్తరం వచ్చింది. అదీ నేనే చదివాను. చాచా ఖోర్ వైపు తిరిగి కూర్చుని, "చెప్పుల మాట ఇంకోసారి చెప్పు," అన్నాడు. ఆ తర్వాత తాళ్ళు కట్టడానికి కూర్చున్నప్పుడల్లా చెప్పించుకునేవాడు. ఎలా కూర్చుంది, శాలువా ఏ భుజం మీద వేసుకుంది, నవ్వినప్పుడు దగ్గు వచ్చిందా. వింటూ చేతులు బార్లా చాచి తాడు కొలిచేవాడు. "నీళ్ళకి రెండు బారలు ఎక్కువియ్యి," అనేవాడు. ఆ శుక్రవారం ఊసు నేనెత్తితే మాత్రం, "అది ఖలాస్ అబ్బయా," అని మాట మార్చేవాడు.

నిన్న వాళ్ళింటికి వెళ్ళి వచ్చాను. ఆయన గూట్లో రంగు వెలిసిన బొమ్మబాతు ఒకటి ఉంది. దాని చుట్టూ తాడు చుట్టలు చుట్టలుగా చుట్టి ఉంది. కొడుకు దాన్ని నా చేతిలో పెట్టి, "ఇంత తాడు ఎందుకన్నా దీనికి? ఒకసారి పొట్టిగా కోసి తప్పు చేసినానని చెప్పేవాడు అబ్బా," అన్నాడు.

ఇంట్లో వాళ్ళకూ అలాగే చెప్పుకున్నాడన్నమాట.

"కోసింది నేను," అన్నాను. "మీ అబ్బా కాదు. నేను."

అబ్బాయి నా ముఖం చూశాడు. సీసపు గుండు పట్టుకుని వాకిట్లోకి నడిచాడు. నా చేతిలో బాతు గిరగిర తిరుగుతూ తాడు వదలసాగింది. అరుగు దాటాడు, గేటు దాటాడు, సరస్సు వైపు రోడ్డు మీదికి వెళ్ళాడు. తాడు ఇంకా వస్తూనే ఉంది.