అడగకూడని పువ్వు

సూర్యుడిని మండించేవాడికి, ఆ మంట చుట్టూ కంటికి కనబడని గీతలు గీసి దాన్ని పట్టి ఉంచేవాడికి, మా పెరుమాళ్ళకు మొదటి దండం. నాకు తెలిసింది ఆయన తెలియనిచ్చినంతే. తెలియనిది ఆయన దగ్గర భద్రంగా ఉంది.

కోయంబత్తూరులో ఒక కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతాను. నా పరిశోధన నక్షత్రాల ప్లాస్మా మీద. అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి, విద్యుత్తు నిండి, అయస్కాంత రేఖల వెంట పరుగెత్తే వేడి వాయువు. ఆ రేఖలు తెగి మళ్ళీ అతుక్కునే చోట వేడి ఒక్కసారిగా పుడుతుంది. సూలూరు దగ్గర మా పుట్టింటి మగ్గాల్లో దారం తెగితే పని ఆగేది. సూర్యుడిలో తెగితేనే మొదలవుతుంది. ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన నన్ను, "ఈ ప్రోగ్రాములు మీరే రాశారా, మీ ఆయన రాసిపెట్టారా?" అని అడిగాడు. మా ఆయన నూలు వ్యాపారి. ఆ ప్రశ్న నేను ఇరవై ఏళ్ళుగా మరిచిపోలేదు. అయినా దాని లాంటిదే ఇంకొకరి మీద విసిరాను.

పోయిన నెల మదురైలో ఒక సదస్సు జరిగింది. అక్కడి ఒక అధ్యాపకుడు తెర మీద వేసిన పటం నాదే. వేడి ఎక్కడ పుడుతుందో చూపే పటం అది, ఇంకా ఎక్కడా అచ్చు కాలేదు. ఫోన్లో ఫోటో తీసుకున్నాను గాని నోరు మెదపలేదు. మాట్టుతావణి బస్టాండులో బస్సెక్కేసరికి దొంగ ఎవరో తేల్చేసుకున్నాను. నా కంప్యూటర్ పాస్‌వర్డ్ నాకు కాక ఒక్కరికే తెలుసు. ఆమె నా దగ్గర ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్న అమ్మాయి. పోదనూరు రైల్వే కాలనీ పిల్ల, మా తెలుగువాళ్ళే. పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టుకుంది. నా సిఫారసు ఉత్తరం లేనిదే ఆ దరఖాస్తును చూడనే చూడరు.

రెండు వారాలు ఆమెను కనిపెట్టి చూశాను. నేను గదిలోకి వస్తే లాప్‌టాప్ మూసేది. వరండాలో ఫోన్ మాట్లాడుతూ గొంతు తగ్గించేది. అందరికంటే ముందు వచ్చేది. ఇదివరకు ఇవన్నీ నాకు శ్రద్ధగా, వినయంగా కనబడ్డ సంగతులే.

మా వైపు పెళ్ళికో, కొత్త ఇంటికో ముందు గుడిలో పువ్వు అడుగుతారు. తెల్ల గన్నేరు, ఎర్ర గన్నేరు వేరువేరుగా ఆకుల్లో చుట్టి స్వామి పాదాల దగ్గర పెడతారు. చేతికి వచ్చిన పొట్లమే జవాబు. శనివారం గుడిలో ఆళ్వార్ల పాశురాలు పాడే గోష్ఠి ముగిశాక నేను మనసులో అడిగాను: ఆ పిల్ల తప్పు లేకపోతే తెలుపు. ఎరుపు వచ్చింది. రెండింటిలో ఏది వచ్చే అవకాశమైనా సగం సగమేనని క్లాసులో చెప్పేది నేనే. అయినా ఆ పువ్వును కళ్ళకద్దుకున్నాను.

సోమవారం ఆమె నా గదికి వచ్చింది.

"మేడమ్, లెటర్ పంపిస్తిరా? ఇయ్యాల దానే కడైసి దినం." ఉత్తరానికి గడువు ఆ రోజుతో ఆఖరు.

"నా పటం మదురైకి ఎట్ల పోయింది?"

"ఏ పటం మేడమ్?"

"తెలీనట్టు అడగద్దు."

"సత్తియంగా నేను ఎవురికీ ఏమీ ఇయ్యలేదు. సందేగం ఉంటే మొదటి దినమే అడిగుండచ్చు గదా మేడమ్. రెండు వారాలుగా నా మొగం చూసి మీరు మాట్లాడలేదు."

ఏడవలేదు. అది కూడా నాకు అనుమానంగానే తోచింది. ఉత్తరం పంపలేదు.

సాయంత్రం అమ్మకు చెప్పాను. చిక్కుళ్ళు ఒలిచే చెయ్యి ఆగింది.

"పువ్వు ఏమని అడిగితివి అమ్మణీ?"

చెప్పాను.

"అయ్యో! మన పనికి దానే పువ్వు అడగాల. ఇంకొకరి తప్పుకు అడగతారా ఎవురైనా? పెరుమాళ్ళు ఏమి, మీ కాలేజీ వాచ్‌మనా? సూర్యుడి లోపల ఏముండాదో చెప్తావు, ఎదురుగ్గా నిలబడిన పిల్ల మొగం చదవను తెలీదా?"

మంగళవారం పొద్దున, స్నానం చేసి, ఆ ఫోటో తెరిచాను. తీర్పు ముందే చేతిలో ఉంది కాబట్టి అంతవరకు మళ్ళీ చూడలేదు. పటంలో వేడి చోటు నీలంగా ఉంది. మొదట్లో నేను నీలమే వేశాను. చూసేవాళ్ళు చల్లని చోటనుకుంటారని ఎరుపుకు మార్చి, పాత పటాలన్నీ చెరిపేశాను. ఆ పిల్ల చేరింది ఆ తర్వాత. నీలం పటాన్ని ఆమె చూడనే లేదు. దాన్ని ఆ అధ్యాపకుడి కాలేజీకి ఒకప్పుడు ఉపన్యాసానికి తీసుకెళ్ళింది నేనే. బస్సు తప్పుతుందన్న తొందరలో వాళ్ళ కంప్యూటర్లో వదిలి వచ్చిందీ నేనే.

అప్పుడే ఉత్తరం రాసి పంపాను. ఒక రోజు ఆలస్యం నాదని, ఆమెది కాదని అందులోనే రాశాను. ఆమెకు ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. "సరి మేడమ్" అంది. ఆ అధ్యాపకుడి మీద అనుమానం ఇప్పుడు మొదలైంది. ఈసారి పువ్వు అడగలేదు, పటం సంగతి ఆయననే రాసి అడిగాను. ఆయన నుంచి జవాబు లేదు. ఆలస్యంగా వచ్చిన ఉత్తరాన్ని తీసుకున్నారో లేదో ఆ పిల్లకూ తెలియలేదు.

గోష్ఠిలో ఒక వరస ఆగితే రెండో వరస అందుకుంటుంది. నా వరస ఇక్కడ ఆగింది, మీరు అందుకోండి. నాతో కలిసి అడగండి: స్వామీ, ఆ ఉత్తరాన్ని తెరవనియ్యి. నా అనుమానానికి శిక్ష ఆ పిల్లకు వెయ్యకు.