ఒక్క సర్వ, ముగ్గురం

నారాయణఖేడ్‌లో మిడిల్ స్కూలు చదవడానికి సిర్గాపూర్ నుంచి మేమిద్దరం కలిసే వచ్చాం, నేనూ, నా దోస్తూ. అప్పుడు నిజాం రాజ్యం. బడిలో పాఠాలన్నీ ఉర్దూలో. ఒక రైతు ఇంటి పక్కన, గంపలూ నాగళ్ళూ పెట్టుకునే అర్రలో మమ్మల్ని ఉండనిచ్చారు. ఆ ఇంటి ముసలమ్మ మొదటి రోజే గట్టిగా చెప్పింది.

"బిడ్డా, అర్రల నిప్పు పెట్టొద్దు. ఎనుక చొప్ప ఉన్నది. వండుకునేది ఉంటే బయట సూరు కింద వండుకోర్రి."

చూరు కింద మూడు రాళ్ళు పెట్టుకున్నాం. అదే మా వంటిల్లు. రొట్టె కాల్చే పెంక ఒకటి, వండుకునే గిన్నె సర్వ ఒకటి. పప్పైనా గటకైనా ఆ సర్వలోనే. వంట నాది. మా అమ్మకు ఆడపిల్లలు లేరు. ఒంట్లో బాగా లేనప్పుడల్లా నన్నే పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, మంచంలోంచి చెబుతూ చేయించేది. అలా వచ్చింది నాకు వంట. నా దోస్తుకు రొట్టె తిరగేయడం కూడా రాదు. వాడు నీళ్ళు తెచ్చేవాడు, పిడకలు ఏరుకొచ్చేవాడు.

ఉన్న ఒక్క మంట మీద ఎన్ని పనులు చేయించాలో నాకు బాగా తెలిసింది. కందిపప్పు ఉడుకుతుండగానే బూడిదలో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు కుక్కేవాణ్ణి. పప్పు దించి పెంక పెట్టేసరికి అవి మెత్తగా కమిలేవి. వాటిని చింతపండు నీళ్ళలో పిసికి ఉప్పేస్తే పచ్చిపులుసు. పప్పు లేని రోజు జొన్నరవ్వ గటకలోకి అదే. నా దోస్తు చేతివేళ్ళు నాకుతూ, "మా అవ్వ గూడ ఇట్ల చెయ్యదిరా" అనేవాడు. ఆ మాట కోసం నేను ఆ పొగంతా మింగేవాణ్ణి.

వానలు మొదలయ్యాక నాగల్‌గిద్ద వైపు నుంచి ఒక పిల్లవాడు బడిలో చేరాడు. మాట సగం తెలుగు, సగం కన్నడం. ఉండడానికి చోటు లేదని పంతులు మాకు అప్పగించాడు. "మీ అర్రల జాగ ఉన్నది గద, గీ పిలగాన్ని ఉంచుకోర్రి" అన్నాడు. మేం సరేనన్నాం. నేనే వాడి మూట అందుకుని లోపల పెట్టాను.

ఆ సాయంత్రం వాన. పిడకలు తడిసి పొయ్యి అంటుకోలేదు. నేను చూరు కింద గొంతుక్కూర్చుని కళ్ళు మండుతుంటే ఊదుతూనే ఉన్నాను. లోపల వాడు మూట విప్పాడు. పల్చగా చేసి ఎండబెట్టిన జొన్నరొట్టెలు, అప్పడాల్లా విరిగేవి. ఎల్లిగడ్డ వేసి దంచిన పల్లీల పొడి. పచ్చి ఉల్లిగడ్డను గుప్పిటతో గుద్ది పగలగొట్టి, పొడిలో కాస్త నూనె చుక్క వేసి నా దోస్తు ముందు పెట్టాడు. కరకరమని నమిలే చప్పుడు నాకు బయటికి వినబడుతూనే ఉంది.

"పొయ్యి లేకుంటనే పూట ఎల్లిపాయెరా!" అని నా దోస్తు పకపకా నవ్వాడు. "లోపలికి రారాదు, ఊకె ఎందుకు పరేషాన్ అయితవ్?"

నేను వెళ్ళలేదు. ఎలాగో మంట రాజేసి, పప్పు వండి లోపలికి తెచ్చాను. నా దోస్తు కడుపు మీద చెయ్యి వేసుకుని, "నాకు నిండిందిరా, నువ్వు తిను" అన్నాడు. ఆ సర్వ వంక చూస్తే ఎవరో నా చెంప మీద కొట్టినట్టనిపించింది.

ఆ తర్వాత కొత్తవాడు పొయ్యి జోలికి పోకుండానే రోజుకొకటి చేసేవాడు. పొద్దున పెసలు నానబోసి గుడ్డలో కట్టేవాడు. మర్నాటికి మొలకలొస్తే ఉప్పూ నిమ్మరసం కలిపేవాడు. పేలాల పిండిని బెల్లం నీళ్ళతో ముద్ద చేసి బడికి పోతూ పోతూ నోట్లో వేసుకునేవాడు. నా దోస్తు కూడా వేసుకునేవాడు. నేను పంతానికి దిగాను. పొలం గట్లకు పోయి పుల్లటి పుంటికూర కోసుకొచ్చి వండాను. ఇంటి నుంచి నెయ్యి తెచ్చి పప్పులో వేశాను. నా దోస్తు బాగుందనేవాడు, తినేవాడు. వెంటనే కొత్తవాడి మూట వైపు చూసి, "పల్లి పొడి జర ఇయ్యిరా" అనేవాడు. కొన్నాళ్ళకు పిడకలు తేవడం కూడా మానేశాడు. అన్నిటికంటే ఎక్కువ మండింది, పొద్దున లేస్తూనే వాళ్ళిద్దరూ "ఊట ఆయితా?" అని పలకరించుకోవడం. తిన్నావా అని కన్నడంలో. నా దోస్తుకు వాడి మాట కూడా రుచిగానే ఉంది.

ఒక రోజు నేను సర్వను ఠక్కున కింద పెట్టి, "ఇగ ఎవల తిండి వాళ్ళదే" అన్నాను.

"ఏందిరా, ఏమైంది నీకు?" అన్నాడు నా దోస్తు.

ఏమైందని చెప్పను? ఏం లేదన్నాను. అప్పట్నుంచి బయట పొయ్యి దగ్గర ఒక్కణ్ణే తిన్నాను. లోపల వాళ్ళు నవ్వితే నా గురించే అనుకునేవాణ్ణి. నవ్వకపోతే గుసగుసలాడుతున్నారనుకునేవాణ్ణి.

యాసంగి జొన్నలు చల్లే కాలంలో ఒక ఎడ్లబండి వచ్చి మా అర్ర ముందు ఆగింది. నా దోస్తు వాళ్ళ నాన్నకు కాలు విరిగింది, పొలం చూసేవాళ్ళు లేరు. వాడు బట్టల మూటతో బయటికొచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, బండెక్కాడు. బండి మలుపు తిరిగాక కొత్తవాడు నన్ను అడిగాడు.

"నీకు చెప్పలే? నాకు మొన్ననే చెప్పిండు."

రొట్టెలు పంచుకుంటే ఓర్చుకున్నాను. ఈ మాట ఓర్చుకోలేకపోయాను. ఒకే ఊరివాణ్ణి, చిన్నప్పట్నుంచీ కలిసి తిరిగినవాణ్ణి, నాకంటే ముందు వీడికి తెలిసిందా! ఆ రోజు నేను వాడితో మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు.

తర్వాత ముసురు పట్టింది. వాగు పొంగి నాగల్‌గిద్ద వైపు నుంచి వాడికి తిండి తెచ్చేవాళ్ళెవరూ రాలేదు. వాడి రొట్టెలకు బూజు పట్టింది. వాడు అడుగున మిగిలిన పేలాల పిండిని నీళ్ళలో కలుపుకుని తాగి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చోవడం చూశాను. చూసీ చూడనట్టు పప్పు దించాను. ముద్ద కలిపి, తినకుండానే లేచాను. సర్వ తెచ్చి వాడి ముందు పెట్టాను.

"తిను."

వాడు తిన్నాడు. తింటూ తింటూ తలెత్తకుండా అన్నాడు. "నీకు చెప్తె ఏడుస్తవని భయపడ్డడు. నువ్వేడిస్తె పోలేనన్నడు. నేను ఏడువనని నాకు చెప్పిండు. నేనెవణ్ణి వానికి?"

"మీరిద్దరు ఊరు ముచ్చట్లు పెడితే నాకు నడుమల జాగ లేకుండె. గందుకే రొట్టెలు పెట్టేటోణ్ణి" అన్నాడు.

నేను సర్వను ఇంకాస్త వాడి దగ్గరికి జరిపాను.

మిగిలిన ఏడాదంతా కలిసే వండుకున్నాం. పచ్చిపులుసులో పల్లీల పొడి కలిపితే చిక్కగా, కమ్మగా ఉంటుందని అప్పుడే తెలిసింది. విరిగిన ఎండు రొట్టెల ముక్కలను మరిగే పప్పులో వేసి మూత పెడితే మెత్తబడి, ఒక్క సర్వలోనే పూట వెళ్ళిపోయేది. పరీక్షల రోజుల్లో మేం బతికింది దాని మీదే.

కందులు కోసిన తర్వాత ఒక అంగడి రోజున నా దోస్తు బండి మీద వచ్చాడు. ఎండకు నల్లబడ్డాడు, చేతులు గరుకెక్కాయి. పప్పు రొట్టె పెడితే కడుపునిండా తిన్నాడు. ముగ్గురం చూరు కింద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. బండి దగ్గరికి పోయేటప్పుడు మాత్రం వాడు కొత్తవాడి మెడ మీద చెయ్యి వేసి, చెవిలో ఏదో చెబుతూ నడిచాడు. నేను సర్వ తోముతున్నాను. అదే మంట, తగ్గిందనుకున్న మంట, మళ్ళీ రాజుకుంది.

"ఏందిరా, రావా?" అని కేకేశాడు నా దోస్తు.

"సర్వ తోమాలె" అన్నాను.

"తర్వాత తోముదువు గాని, జల్దీ రా!"

బూడిద చేతులు పంచెకు తుడుచుకుని వెళ్ళాను.