మా ఆయన మానేసిన ఆరు డయాలసిస్‌లు

ఆ పొద్దున మా ఆయన కాఫీ ఒక గుక్క తాగి, బయటికి పోయి ఉమ్మేసినాడు. ఇనుము నాకినట్టుంది, గిన్నె మార్చినావా అని అడిగినాడు. గిన్నె అదే, పాలు మా ఆవువే. నేను తాగి చూస్తే బాగానే ఉంది. తరువాత తోటకి పోదామని చెప్పులేసుకోబోతే కాలు దూరలేదు. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడింది. వేలు తీసినాక కూడా ఆ గుంట పూడలేదు. నాకు అది చూసి భయమేసింది. ఆయన నవ్వి, ఉత్తకాళ్లతో తోటకి పోయినాడు.

మాది గుమ్మిడిపూండి అవతల, ఆంధ్రా బోర్డరుకి దగ్గరగా ఉండే పల్లె. తాతల కాలం నుంచి ఈడే ఉన్నాము. ఇంట్లో తెలుగు, బయట తమిళం. మా ఆయన పేరు మునిరత్నం, నా పేరు కృష్ణవేణి. ముక్కాలెకరా మల్లెతోట, రెండు పాడి ఆవులు, నందిని అని ఒక కూతురు. అప్పుడు పాప ప్లస్ టూ చదువుతా ఉండింది. నర్సింగ్ చేస్తానని రెండేండ్లుగా చెప్తా ఉండింది.

మా ఊరి దగ్గర క్లినిక్‌లో గ్యాస్ అని మాత్రలిచ్చినారు. వారమైనా తగ్గలేదు, వాంతులు మొదలైనాయి. రెండోసారి పోయినప్పుడు ఆడ BP చూసిన నర్సు ఇంకోసారి చూసి, డాక్టరును పిలుచుకొచ్చింది. ఆయన రక్తం పరీక్ష రాసినాడు. సాయంత్రం రిపోర్టులో, ఒకటికి అటూ ఇటూ ఉండాల్సిన క్రియాటినిన్ తొమ్మిది దాటి ఉండింది. మాకు ఆ మాట అర్థం కాలేదు. డాక్టరు మొహం మాత్రం అర్థమైంది. వెంటనే మద్రాసుకి తీసుకుపోండి అన్నాడు.

మా అక్క మద్రాసులో పెరంబూరు దగ్గర ఉంటుంది. ఆమె తెలిసినవాళ్లను అడిగి, వాళ్లింటికి దగ్గరలోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో చేర్పించింది. చేర్చేటప్పుడు అడ్రస్ అడిగితే, లోకల్ అడ్రస్ అయితే పని సులువని ఎవరో చెప్పినారు. అక్కయింటి అడ్రసే రాయించినాము. ఆ ఒక్క అడ్రస్ మమ్మల్ని ఎంత దూరం తిప్పుతుందో అప్పుడు మాకు తెలియదు.

స్కాన్ తీసినాక కిడ్నీ డాక్టరు నన్ను కూర్చోబెట్టి మాట్లాడినాడు. రెండు కిడ్నీలూ చిన్నవైపోయినాయి, ఇది నిన్నామొన్న వచ్చింది కాదు, BP ఎన్నేండ్లుగా ఉందో ఎవరూ చూసుకోలేదు అన్నాడు. నడుము నొప్పికి మాత్రలు వాడేవాడా అని అడిగినాడు. మెడికల్ షాపులో తెచ్చుకొని కోత కాలమంతా వేసుకునేవాడని చెప్పినాను. ఆయన తల ఊపి రాసుకున్నాడు. డయాలసిస్ చేయాల అన్నాడు.

నేను జ్వరానికి సూదులేసినట్టు ఒక కోర్సు అనుకున్నా. "ఎన్నిసార్లు సార్?" అని అడిగినా.

ఆయన పెన్ను పక్కన పెట్టినాడు. "ఎన్నిసార్లని చెప్పలేనమ్మా. వారానికి రెండుసార్లు. కిడ్నీ మార్చేదాకా, లేదంటే బతికినంత కాలం."

నేను కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నా. మా ఆయనకి అప్పుడు నలభై ఆరేండ్లు.

సర్కారు ఇన్సూరెన్స్ కార్డు మీద డయాలసిస్ ఫ్రీ అని తెలిసినప్పుడు నేను ఆడనే దండం పెట్టినాను. గండం గడిచిందనుకున్నా. మిషన్‌కి మాత్రం డబ్బు కట్టనక్కర్లేదని, మిగిలినదంతా మాదేనని తెలిసేందుకు రెండు నెలలు పట్టింది. రక్తం పెరగడానికి వేసే ఇంజెక్షన్ అప్పుడప్పుడు బయట కొనాల్సొచ్చేది. నెల నెలా పరీక్షలు. మిషన్ సూదులు గుచ్చేందుకు చేతిలో నరాలు కలిపే ఫిస్టులా ఆపరేషన్ మొదటిసారి ఫెయిలై మళ్లీ చేసినారు. ఊరి నుంచి గుమ్మిడిపూండికి ఆటో, ఆడినుంచి రైలు, బేసిన్ బ్రిడ్జిలో దిగి షేర్ ఆటో. వాంతులయ్యే మనిషి ఒంటరిగా రాలేడు కాబట్టి అన్నీ రెండింతలు. నాలుగు గంటలు మిషన్, ముందూ వెనకా ప్రయాణం, మొత్తం దినం పోయేది.

పోయేది దినం మాత్రమే కాదు. మల్లె మొగ్గ ఎండ ఎక్కితే పనికిరాదు. తెల్లారకముందే కోయాల, పొద్దున బస్సుకి పంపాల. మేమిద్దరం ఆసుపత్రికి పోయే దినాల్లో కూలీకి మనిషిని పెట్టాల, దొరకకపోతే మొగ్గలు చెట్టు మీదే విచ్చుకొని రాలిపోయేవి. తిరిగొచ్చేసరికి చెట్ల కింద పూలు తెల్లగా పరుచుకొని ఉండేవి. ఆ వాసన నాకు అప్పటినుంచి సహించదు.

మొదటి ఆవును ఫిస్టులా రెండోసారి చేసినప్పుడు అమ్మినాము. రెండోది వానల్లో. పాప ప్లస్ టూ పాసైంది, మంచి మార్కులు. నర్సింగ్ అప్లికేషన్ తెచ్చి బీరువాలో పెట్టుకుంది. నెల తరువాత ఒకదినం పొద్దున చూస్తే యూనిఫారం వేసుకొని నిలబడి ఉంది, సిప్‌కాట్ ఫ్యాక్టరీల్లో ఒక కంపెనీలో చేరినానమ్మా అని చెప్పింది. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగుంటే నేను వద్దనేదాన్నా? ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె కంపెనీ బస్సెక్కుతుంటే మా ఆయన వాకిట్లో నిలబడి చూసినాడు.

ఆ వారంలోనే నాతో అన్నాడు, ఇప్పుడు ఒళ్లు కుదురుకుంది, ఒక్కణ్ణే పోయొస్తా, నువ్వు తోట చూసుకో అని. నిజంగానే కొంచెం తేరుకున్నట్టుండినాడు. సరేనన్నా. పొద్దున టిఫిన్ కట్టిచ్చేదాన్ని, సాయంత్రం వచ్చేవాడు. చేతి మీద దూది, దాని మీద ప్లాస్టరు. ఎట్లుంది అంటే బాగుంది అనేవాడు. అట్లా అయిదు వారాలు జరిగింది.

ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చున్న మనిషి ముద్ద కింద పెట్టేసినాడు. ఊపిరి అందడం లేదు. మొహమంతా ఉబ్బి, పెదాలు నల్లబడినాయి. అంబులెన్సులో పడుకోబెడితే పడుకోలేడు, కూర్చోబెట్టి పట్టుకున్నా. ఆసుపత్రికి చేరగానే ICU కి తీసుకుపోయినారు. ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరినాయి, పొటాషియం ప్రమాదంగా పెరిగింది అన్నారు.

డ్యూటీ డాక్టరమ్మ బయటికొచ్చి నన్ను తమిళంలో అడిగింది, ఎందుకమ్మా డయాలసిస్‌కి రావడం మానేసినారు అని. నాకు కోపమొచ్చింది. వారానికి రెండుసార్లు నేనే టిఫిన్ కట్టి పంపిస్తున్నా, వేరేవాళ్ల ఫైల్ చూస్తున్నారేమో అన్నా. ఆమె రిజిస్టర్ తెచ్చి చూపించింది. అయిదు వారాల్లో పదిసార్లు రావాల, నాలుగుసార్లు వచ్చినాడు. ఆఖరిది తొమ్మిది దినాల కింద.

మొన్న సాయంత్రం కూడా ప్లాస్టరుతో వచ్చినాడు కదా అని నేను ఆమెతోనే వాదించినా.

లోపలికి వదిలినాక ఆయన చెయ్యి పట్టుకొని ఆ ప్లాస్టరు పీకినాను. కింద కొత్త సూది గుర్తు లేదు. పాత మచ్చలే. ఇన్నాళ్లూ ఆయన తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ దూదిని నేను చూసినాను, నమ్మినాను.

రెండు డయాలసిస్‌లు అయినాక మాట్లాడగలిగినాడు. రైలెక్కేవాడంట. పొన్నేరిలో దిగి ప్లాట్‌ఫారం బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చునేవాడంట. నేను కట్టిన టిఫిన్ ఆడనే తినేవాడంట. మెడికల్ షాపులో కొన్న ప్లాస్టరు రోల్ జేబులో పెట్టుకొని, ఇంటికొచ్చే ముందు తానే అంటించుకునేవాడంట.

"ఎందుకయ్యా?" అని మాత్రం అడిగినా.

"మే వేణీ, పాప బస్సెక్కడం చూసినా. పోకుంటే ఆ దినం డబ్బు మిగులుతుంది కదా. ఒకటి మానితే ఏమైతుందిలే అనుకున్నా. ఏమీ కాలేదు. మళ్లీ మానినా."

ఇంటికి పోయి చూస్తే బీరువాలో పాప అప్లికేషన్ కవర్లో నోట్లున్నాయి. ఛార్జీలకి, మందులకి నేనిచ్చినవే. ఆరు దినాలు బెంచీ మీద కూర్చొని ఆయన మిగిల్చింది మూడు వేల చిల్లర. ICU లో కార్డుకి రానివి కట్టేందుకు అది ఒక్క దినానికి కూడా చాలలేదు. పాప ఆ కవరు పట్టుకొని అట్లే నేల మీద కూలబడింది.

డిశ్చార్జ్ దినం డయాలసిస్ సిస్టర్ నన్ను పక్కకి పిలిచింది. పెరంబూరు నుంచి ఈడికి రావడానికి ఏమి కష్టం అని అడిగింది. అప్పుడు చెప్పినా, మేము పెరంబూరు కాదు, గుమ్మిడిపూండి అవతలి నుంచి వస్తాము అని. ఆమె ఫైల్ తెరిచి అడ్రస్ చూసి, మళ్లీ నన్ను చూసింది.

"అంత దూరం నుంచా అక్కా? మీ తాలూకా ఆసుపత్రిలోనే డయాలసిస్ మిషన్లు పెట్టినారే. ఎనిమిది నెలలైంది. మా పేషెంట్లు ఇద్దరు ఆడికే మారిపోయినారు."

మా తాలూకా ఆసుపత్రి మా ఇంటికి పన్నెండు కిలోమీటర్లు. ఆ ఎనిమిది నెలల్లోనే మేము రెండో ఆవును అమ్మినాము, పాప కంపెనీలో చేరింది, ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు. కాగితం మీద మేము పక్క వీధివాళ్లం. దూరం నుంచి వస్తున్నామని ఎవరికి తెలుస్తుంది?

కాగితాలు మారడానికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు వారానికి రెండు దినాలు మొగ్గలు కోసి పంపినాక నేనే మోపెడ్ మీద ఆయన్ను తీసుకుపోతా. బండి నడపడం దీనికోసమే నేర్చుకున్నా. మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాము. కూలీ మనిషి అక్కర్లేదు. ఆయన నీరసంగానే ఉంటాడు, నీళ్లు కొలిచి తాగాల, కొన్ని దినాలు మంచం దిగడు. తోటలో కూర్చొని మొగ్గలు ఏరగలడు, అంతే. కిడ్నీ మార్చేందుకు పేరు రాయించినాము. పాప ఇంకా కంపెనీకే పోతుంది. వచ్చే ఏడాది నర్సింగ్‌లో చేరుతానంటుంది. చేరుతుందని నేను ఖాయంగా చెప్పలేను.

ఇట్లాంటి జబ్బుతో పల్లె నుంచి పట్నానికి తిరిగేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ఆసుపత్రిలో మీ అసలు ఊరి పేరు రాయించండి. ఇంతదూరం నుంచి వస్తున్నాము, ఈ ఖర్చు మాకు కష్టంగా ఉంది, ఇదే వైద్యం మా ఇంటి దగ్గర యాడన్నా దొరుకుతుందా అని మొదటి దినమే డాక్టరునో, సిస్టర్‌నో అడగండి. సిగ్గుపడకండి. మూడు నెలలకొకసారి మళ్లీ అడగండి. మేము పద్నాలుగు నెలలు తిరిగినాము, ఆ మాట ఒక్కసారి కూడా అడగలేదు.