మళ్ళిన విమానం

ఇల్లు దాటాక వెనక్కి మళ్ళితే సంజీవకు గిట్టదు. మళ్ళక తప్పకపోతే కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి, అప్పుడు బయల్దేరాలంటాడు. జనగామలో ఆ పట్టింపు మధ్యే పెరిగిన ఆయన కూతురు రజిత పైలట్ అయింది. కెప్టెన్ కావడానికి సిమ్యులేటర్‌లో, అంటే నేలమీది నమూనా విమానంలో, పెట్టిన పరీక్ష తప్పిందీ అందుకే. రన్‌వే కనబడకపోయినా మళ్ళడానికి మనసొప్పక, తక్కువ ఎత్తులోనే వెతుక్కుంటూ గుట్టల వైపు ముందుకు పోయింది.

"గుట్ట నీకోసం పక్కకు జరుగుతదా అమ్మా?" అన్నాడు పరీక్షించిన కెప్టెన్ నగేశ్. ఆయనది మహబూబాబాద్. పక్క జిల్లా పిల్లేనని కనికరించలేదు. అంతకుముందు ఆమె యాసకు నవ్వినవాళ్ళు ఇప్పుడు ఫెయిలుకూ నవ్వారు.

ఇవాళ మళ్ళీ పరీక్ష, ఈసారి అసలు విమానంలో. పక్క సీట్లో నగేశ్. గట్టెక్కితే ఆమె కెప్టెన్. వెనకాల ప్రయాణికుల్లో, మొదటిసారి విమానమెక్కిన సంజీవ.

వాన. గుట్టల మధ్య చిన్న ఎయిర్‌పోర్టు. అక్కడి సిగ్నల్ దిశ చూపుతుంది గానీ ఎంత ఎత్తులో ఉండాలో చెప్పదు. వెనకటి పైలట్లు మెట్టు మెట్టుగా దభాలున దిగి, కింద రన్‌వే కోసం వెతికేవాళ్ళు. రజిత మాత్రం దూరాన్నీ ఎత్తునూ సరిచూసుకుంటూ, నిండు చాయ్ గ్లాసు పట్టుకుని నడిచినట్టు, ఒకే వాలులో దించుకొచ్చింది. రన్‌వే కనబడకుండా దాటకూడని ఎత్తుకు కాస్త పైనే, దిగాలో మళ్ళాలో తేల్చేయాలి. లేచేలోపు విమానం ఇంకొంచెం దిగుతుంది మరి.

"మినిమమ్స్," అన్నాడు నగేశ్, ఆ ఎత్తు వచ్చిందని. అద్దం నిండా తెల్లటి మబ్బు.

"గో అరౌండ్," అంటూ రజిత దిగడం మాని మళ్ళింది. ఇంజన్లు గర్జించాయి. విమానం ముక్కు పైకి లేచింది.

వాన జరిగేదాకా పైన చుట్లు తిరిగారు. రజిత సీసా ఎత్తి నీళ్ళు తాగింది. రెండోసారి అదే వాలులో దిగుతుంటే మబ్బు చినిగి దీపాల వరస కనబడింది.

"మొదటిసారి లేపినవ్ చూడు, ఆడ్నే పాసైనవ్," అన్నాడు నగేశ్, చక్రాలు ఆగాక. "రెండోది ఊర్కె దిగుడే."

తలుపు దగ్గర, దిగబోతున్న ప్రయాణికుడొకాయన వెనక్కి తిరిగి అంటున్నాడు: "ఆడ పైలట్ కదండీ, ఓసారి భయపడింది."

"కుర్చీ పట్టుకోని దేవున్ని మొక్కింది నువ్వు గదా సారూ," అన్నాడు వెనకనే వస్తున్న సంజీవ. "భయం ఎవ్వలది?"

ఆ పెద్దమనిషి గబగబా మెట్లు దిగిపోయాడు. సంజీవ కాక్‌పిట్ తలుపు దగ్గర నిలబడ్డ కూతురి వైపు చూశాడు.

"మల్లినవ్ గదా బిడ్డా. నీళ్ళు తాగినవా?"

"తాగిన నాయినా. సార్‌కు గూడ తాపిన."