వెక్కిళ్ళ పిల్ల పుస్తకంలో తెగిపోయిన మాటలు

కాశిబుగ్గలో మాది పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణం. మా అబ్బ, అంటే మా నాయిన, పెట్టింది. ఆఫీసు రిజిస్టర్లు, కాలేజీ పిల్లల రికార్డులు, వకీళ్ళ లావు పుస్తకాలు, మసీదు నుంచీ గుడి నుంచీ వచ్చే పాత గ్రంథాలు, అన్నీ మా చేతుల్లో పడేవి. కుట్టేవాడు చదవకూడదని అబ్బ అనేవాడు. కన్ను అక్షరం మీద ఉంటే చెయ్యి తప్పుతుందట. నేను పదో తరగతి కాగానే ఆయన పక్కన కూర్చున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా పుస్తకాలు కుట్టాను కానీ ఒక్కటి కూడా చదవలేదు.

రెండేళ్ళ కింద వానాకాలంలో ఒక సర్కారు బడి లైబ్రరీ చూసుకునే మేడం ఆటోలో రెండు పెద్ద గోనెసంచుల పుస్తకాలు తెచ్చారు. అన్నీ విడిపోయినవే. వాటిలో సగం బొమ్మల కథలు. పిల్లలు వీటినే లాక్కుని చదువుతారని, అందుకే ఇట్లా అయినయని ఆమె చెప్పారు. నిజమే, ఆ పేజీల మీద మామిడికాయ తొక్కు నూనె మరకలు కూడా ఉన్నాయి.

నా బిడ్డ అప్పుడు ఐదో తరగతి. సాయంత్రం బడి నుంచి నేరుగా దుకాణానికి వచ్చేది. వాళ్ళమ్మ దవాఖానలో నర్సు, డ్యూటీ దిగేసరికి ఆరవుతుంది. అందాకా నా పక్కనే. ఆ సంచులు వచ్చిన రోజు నుంచి ఆమెకు ఇంకో లోకం అక్కర లేకపోయింది. చదువుతూ ఒక్కతే నవ్వుతుంటే ఏముందని అడిగాను. చదివి వినిపించింది.

ఆ కథలో సూపర్ హీరో ఒక ఆరో తరగతి పిల్ల. వెక్కిళ్ళు వస్తే గాల్లోకి లేస్తుంది, ఆగిపోతే ఎక్కడుంటే అక్కడ పడుతుంది. భుజాల మీద వాళ్ళమ్మ పాత చున్నీ. దోస్తు ఒకడుంటాడు, వాడి సంచిలో ఒక పచ్చిమిరపకాయ, ఒక నీళ్ళ సీసా. మిరపకాయ లేవడానికి, నీళ్ళు దిగడానికి. వాడు లేకపోతే ఆమె ఏమీ చేయలేదు. ఒకసారి ఊరి నీళ్ళ ట్యాంకు మీద పడి దాన్ని పగలగొడుతుంది. ఇంకొకరైతే ఎగిరి పారిపోయేవాళ్ళు. ఈ పిల్ల చున్నీ విప్పి నడుముకు కట్టుకుని, బిందె ఎత్తుకుని, ఇంటింటికీ పోయి తప్పు నాదేనని చెప్పి నీళ్ళు పోసి వస్తుంది. మూడు పేజీల నిండా తలుపులు కొట్టడమే. ఒక్కో ఇంట్లో ఒక్కో తిట్టు. ఒక ముసలామె మాత్రం ముందు నీళ్ళు తాగు బిడ్డా అంటుంది, అప్పుడే వెక్కిళ్ళు మొదలై గాల్లోకి లేస్తున్న పిల్ల, తాగగానే అవి ఆగిపోయి గుమ్మం ముందే కూలబడుతుంది. అక్కడ నాకు నవ్వు ఆగలేదు.

మర్నాడు మధ్యాహ్నం బిడ్డ ఇంకా బడిలోనే ఉంది. ఆ పుస్తకం కుట్టడం అయిపోయింది. జిగురు ఆరింది. ఇక మిషన్‌లో పెట్టి మూడు పక్కలా అంచులు సమంగా కోయాలి. విలన్ సంగతి ఏమవుతుందో చూద్దామని చివరి పేజీలు తిప్పాను. వాడు ఊళ్ళో అందరి ఎడమ కాలి చెప్పులూ ఎత్తుకుపోయిన మనిషి. పెళ్ళికొడుకు ఒంటి చెప్పుతో గుర్రం ఎక్కే బొమ్మ చూసి నవ్వుకుంటూనే పుస్తకాన్ని మిషన్‌లోకి తోసి పిడి కిందికి లాగాను.

కింది అంచు వేలి మందాన ఎక్కువ తెగింది. బొమ్మలకు పెద్దగా ఏమీ కాలేదు. కానీ మాటలు రాసే బుడగలు కొన్ని పేజీల్లో అడుగునే ఉన్నాయి. తొమ్మిది చోట్ల మాట సగంలో తెగిపోయింది. విలన్ చివరి మాటయితే పూర్తిగా పోయింది. అడుగున పడ్డ కాగితపు ముక్కల కుప్పలో వెతికాను. పొద్దటి నుంచి కోసిన రిజిస్టర్ల ముక్కలతో కలిసి అదంతా పిట్ట గూడులా ఉంది. రెండు ముక్కలు దొరికాయి కానీ వాటి మీద అక్షరమే లేదు, మిగతావి దొరకలేదు.

మా అబ్బ చేతిలో ఒక్క పుస్తకం ఇట్లా కాలేదు. సిగ్గేసింది. ఎవరికీ చెప్పకుండా దాన్ని మిగతా పుస్తకాల మధ్యలో పెట్టి కట్ట కట్టేశాను. మేడం రెండు వందల పుస్తకాలు తెరిచి చూస్తారా అనుకున్నాను.

సాయంత్రం బిడ్డ వచ్చీ రాగానే ఆ పుస్తకమే అడిగింది. కట్ట విప్పక తప్పలేదు. పేజీలన్నీ తిప్పి తొమ్మిది చోట్లా వేలు పెట్టి లెక్క చూసుకుంది. తర్వాత అడిగింది.

"అబ్బా, మేడంకు చెప్పినవా?"

చెప్పలేదన్నాను. చెప్తావా అంది. నాకు కోపం వచ్చింది. పెద్దవాళ్ళ పనిలో నీకేం పని అని కసిరాను. ఆమె ఏడవలేదు, ట్యాంకు పగిలిన పేజీలు కూడా చూపించలేదు. చూపిస్తుందేమోనని నేనే భయపడ్డాను. సంచిలోంచి పెన్సిల్ తీసి, పోయిన మాటలు మనమే రాద్దామంది.

తెల్ల కాగితం సన్నగా కోసి, కింద అతికించి, బుడగలు మళ్ళీ గీశాను. ఒక్కో బొమ్మలో మొహం చూసి ఏమంటుండవచ్చో ఆమె చెప్పింది, నేను రాశాను. నా అక్షరం బాగుంటుంది, రిజిస్టర్ల మీద పేర్లు రాసిన చెయ్యి. ఎనిమిది అయిపోయాయి. చివరిది విలన్‌ది. అందరి చెప్పుల కుప్ప మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు, ఎదురుగా వెక్కిళ్ళ పిల్ల ఎందుకు చేసినవ్ అని అడుగుతోంది. జవాబు లేదు.

బిడ్డకు ఏమీ తోచలేదు. నేను ఆ మొహం వంక చాలాసేపు చూశాను. అబ్బ ఉన్నప్పుడు మా దుకాణం బల్ల మీద ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉండేవారు, పని ఉన్నా లేకున్నా. ఆయన పోయాక ఒక్కొక్కరే రావడం మానేశారు. ఎవరైనా వస్తారని నేను ఆ బల్ల రోజూ తుడిచేవాడిని. ఆ సంగతి బిడ్డకు చెప్పలేదు. కలం తీసుకుని రాశాను:

"చెప్పు కోసమన్నా ఎవరో ఒకరు మా ఇంటికి వస్తారనుకున్నా."

ఆమె చదివి, నీకెట్ల తెలిసిందని అడిగింది. బొమ్మలో ఉందన్నాను.

రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు కట్టలు ఆటోలో వేసుకుని బడికి పోయాను. ఆ పుస్తకం మాత్రం చేతిలో పట్టుకున్నాను. మేడం ఎదుట నిలబడి జరిగింది చెప్పాను. చదువుతూ కోశానని చెప్పడమే అన్నిటికన్నా కష్టమనిపించింది. ఇంకో ప్రతి తెప్పిస్తానంటే, అది ఇప్పుడు ఎక్కడా దొరుకుతలేదని ఆమె అన్నారు. కోపం తెచ్చుకోలేదు కానీ నవ్వలేదు కూడా. పేజీలన్నీ చూసి ఏడో తరగతి నుంచి ఒక అమ్మాయిని పిలిపించారు. ఆ పుస్తకాన్ని ఆ పిల్ల చదివినన్ని సార్లు బడిలో ఇంకెవరూ చదవలేదట.

ఆ పిల్ల మా అతుకులు చూడకుండానే తొమ్మిది మాటలూ గడగడా అప్పజెప్పింది. మేము రాసినవి రెండే సరిపోయాయి. ఒకచోట అసలు పుస్తకంలో వెక్కిళ్ళ పిల్ల "నాకు భయమైతాంది, అయినా పోదాం" అంటే, మేము "నాకేం భయం" అని రాశాం. ఏడో తరగతి పిల్లకు అది అస్సలు నచ్చలేదు.

"భయం లేకపోతే దోస్తు ఎందుకంకుల్ ఆమెకు?" అంది.

అక్కడే కూర్చుని ఆమె చెప్పినట్టు దిద్దాను. చివరి పేజీ వచ్చింది. పుస్తకంలో విలన్ అసలు మాట, నన్నెవరూ ఆటకు పిలువలేదు అని. మాది చదివింది. మేడం వైపు తిరిగింది.

"ఇది ఉండనియ్యండి మేడం. అసలుది నేను కింద చిన్నగ రాస్త."

అట్లాగే రాసింది. ఇప్పుడా పేజీలో వాడు రెండు జవాబులు చెప్తాడు, తర్వాతి బొమ్మలో పిల్లలంతా వాణ్ణి ఆటకు తీసుకుపోతారు. చెప్పులు ఎవరివి వాళ్ళకు వాడే జత కలిపి ఇస్తాడు.

మేడం ఆఖరుకు నవ్వారు. నిజం చెప్పిండ్రు భాయ్, పుస్తకాలు ఇంకో సంచి ఉన్నయి, తీసుకపోండ్రి అన్నారు. ఇంటికొచ్చి బిడ్డకు అంతా చెప్పాను. రెండే కరెక్టు అయినయా అని ముందు దానికే నొచ్చుకుంది. చెప్పినందుకు మెచ్చుకుంటుందనుకున్నాను, అది మామూలు సంగతే అన్నట్టు అన్నానికి కూర్చుంది.

పోయిన చలికాలంలో, అప్పుడు ఏడో తరగతిలో ఉన్న ఆ పిల్ల వాళ్ళమ్మను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది. చేతిలో ముప్పై దాకా డ్రాయింగ్ షీట్లు. తానే రాసి గీసిన కథ, పుస్తకంగా కుట్టించుకోవాలని తెచ్చింది. అందులో హీరో వాళ్ళ నాయినమ్మ. చెవులు వినబడవు, కానీ ఎవరు అబద్ధమాడినా వెంటనే వినబడుతుంది. దాంతో ఊరంతా ఆమె ముందు సైగలతోనే మాట్లాడుకుంటారు. వాళ్ళు కూర్చోవడానికి బల్ల చూపించాను. మా బిడ్డా, ఆ పిల్లా మాత్రం మెట్టు మీద కూర్చుని, నాయినమ్మకు దోస్తు ఉండాలా వద్దా అని వాదించుకున్నారు. ఆకుపచ్చ అట్టా, ఎర్ర అట్టా అని నేనూ వాళ్ళమ్మా చూస్తుంటే, ఆ పిల్ల మెట్టు మీది నుంచే ఎర్రది కావాలంది.