బిందె మీద దొరికిన పేరు

మొన్న ఆదివారం పొద్దున మియాపూర్ నుంచి మా అమ్మాయి ఫోనులో ఒక సందేశం పంపింది. వచ్చే నెలలో తనకు కాన్పు, ఆడపిల్ల పుడితే పెట్టడానికి మంచి పాతకాలపు పేరు, ఈ రోజుల్లో ఎవరూ పెట్టనిది కావాలట, అన్ని పుస్తకాలు చదివిన నాన్న ఉండగా తనకేం ఫికర్ అని చివర ఒక నవ్వు ముఖం కూడా పెట్టింది. దాని కిందనే తను ఎక్కడినుంచో తీసిన ఒక జాబితా ఉంది. అందులో రెండక్షరాలు దాటిన పేరు లేదు, సగం పేర్లకు నాకు అర్థం తెలియలేదు. చదవగానే సంతోషం కలగాల్సిన మాట. నాకు మాత్రం ఎప్పటిదో ఒక విసుగు, ఆరిందనుకున్నది, మళ్ళీ రాజుకుంది. ఎందుకంటే ఈ పని నేను ఒకసారి చేశాను. ఆ అమ్మాయి కోసమే చేశాను. అంత చేసిన ఫలితంగానే ఆమె పేరు మౌనిక అయింది.

తొంభైల చివర పిల్లల్ని కన్న మనవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, అప్పుడు వీధికి ఎంతమంది మౌనికలు ఉండేవారో. మా అమ్మాయిని బడిలో మూడో మౌనిక అని పిలిచేవారు. మూడో నంబరు కుర్చీ అన్నట్టు.

అప్పట్లో మేము మూసాపేటలో రెండు గదుల కిరాయి వాటాలో ఉండేవాళ్ళం. మాదాపూర్‌లో బండలు పగలగొట్టి కొత్తగా లేపిన అద్దాల మేడల్లో ఒకదాని గేటు దగ్గర నాకు సెక్యూరిటీ ఉద్యోగం. మెదక్ వైపు పల్లెలో ఏడో తరగతితో నా చదువు ఆగింది గాని, పట్నం వచ్చాక మా పేట గ్రంథాలయంలో కార్డు తీసుకున్నాను, ఆ కార్డు నాకు డిగ్రీ పట్టాతో సమానం. పొద్దుటి డ్యూటీ అయితే సాయంత్రం, సాయంత్రం డ్యూటీ అయితే పొద్దున, అక్కడి పొడవాటి బల్ల దగ్గర కూర్చుని చేతికందిన పుస్తకమల్లా చదివేవాణ్ణి. అట్ట లేనివి, మొదటి పేజీలు చెదలు తిన్నవి, చివర చిరిగి కథ ముగియనివి కూడా. వాడలో ఎవరికి ఏ సందేహం వచ్చినా నన్ను అడిగేవారు, తెలియకపోయినా చెప్పే ధైర్యం నాకు అప్పుడు ఉండేది.

అందుకే ఆడపిల్ల పుట్టగానే నలుగురిలో అనేశాను, నా బిడ్డకు ఈ హైదరాబాదులోనే ఎవరికీ లేని పేరు పెడతానని. మా వైపు ఇరవయ్యొకటో రోజున తొట్టెల వేసి, మేనత్త చేత బిడ్డ చెవిలో పేరు పిలిపిస్తారు. అంటే నాకున్నది ఇరవై రోజులు, పరువు మొత్తం ఆ ఇరవై రోజుల మీద పెట్టుకున్నాను.

మొదటి వారంలోనే అర్థమైంది, నాకు నచ్చిన ప్రతి పేరూ నాకంటే ముందే ఎవరికో నచ్చిందని. పురాణాల్లో తీసిన పేరు కిరాణాకొట్టు ఆయన మనవరాలికి ఉంది. పాత వారపత్రికలు కట్టలు విప్పి కథల్లో నాయికల పేర్లు ఏరితే అవి మా వాడ అంగన్‌వాడీ హాజరు పట్టీలో వరసగా కనిపించాయి. చివరికి ఖగోళ శాస్త్రం పుస్తకంలో, ఎవరూ వెతకని చోట, నీహారిక అనే మాట దొరికింది. ఆకాశంలో మెరిసే పొగమంచు లాంటిదని చదివి ఉప్పొంగిపోయి, ఆ సాయంత్రమే పక్క వాటా ఆయనకు దాని అర్థం, పుట్టుపూర్వోత్తరాలు అన్నీ విప్పి చెప్పాను. ఆయన తలూపుతూ విన్నాడు. నాలుగో రోజు ఆయన తమ్ముడి కూతురికి తొట్టెల వేశారు, చక్కెర పంచుతూ పేరు నీహారిక అన్నారు. గ్రంథాలయ పుస్తకాన్ని ఎవరైనా ఎత్తుకుపోతే జరిమానా వేస్తారు, పేరును ఎత్తుకుపోతే ఎవరికి చెప్పుకోవాలి? ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఇక దొరికిన పేరు తొట్టెల దాకా ఎవరికీ, ఇంట్లోవాళ్ళకు కూడా, చెప్పకూడదని. నా తెలివిలో అది మొదటి తప్పు.

గేటు దగ్గర ఉండే సందర్శకుల రిజిస్టరు కూడా వదల్లేదు. వచ్చిపోయే ఇంజనీర్ల సంతకాల కింద పేర్లు వెతికి, ఒకరోజు కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక మేడమును సలహా అడిగాను. ఆవిడ బ్యాగు సర్దుకుంటూ, "పేరుదేముందండీ, ఫోన్లో స్పెల్లింగు చెప్పుకోనక్కర్లేనిది పెట్టండి చాలు. నా పేరు చెప్పుకోలేక నేను చస్తున్నానండీ" అని లోపలికి వెళ్ళిపోయింది.

పదమూడో రోజున తొట్టెల కోసం ఒక కొత్త పళ్ళెం కొందామని మూసాపేటలోనే సామాన్ల కొట్టుకు వెళ్ళాను. మీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు ఊళ్ళన్నీ ప్లాట్లవుతున్న కాలం. శేరిలింగంపల్లి చుట్టుపక్కల భూములమ్మినవాళ్ళు ఇత్తడీ కంచూ తెచ్చి ఇచ్చి మెరిసే స్టీలు పట్టుకుపోయేవారు. కొట్టు వెనక ఆ పాత సామాను గుట్టగా పడి ఉంది. పళ్ళెం బేరం మరచిపోయి నేను ఆ గుట్ట ముందు చతికిలబడ్డాను. ప్రతి చెంబు మెడ మీదా, ప్రతి గిన్నె అంచు మీదా చుక్కలు చుక్కలుగా చెక్కిన ఒక పేరు! సింగారమ్మ, హంసమ్మ, తాయారు, సోమవ్వ, అచ్చమ్మ, మాణిక్యమ్మ. కొన్నింటి మీద ఉర్దూ అక్షరాలుంటే కొట్టాయన చేతే చదివించుకున్నాను. ఏ గ్రంథాలయంలోనూ లేని పుస్తకం నా ముందు తెరిచి ఉన్నట్టే అనిపించింది, అది కూడా కరిగించడానికి సిద్ధంగా. నాలుగు రోజులు వరసగా వెళ్ళి చిన్న నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. ఐదో రోజు కొట్టాయన, "ఏందన్నా, కొనుడు లేదు అమ్ముడు లేదు, రోజు అచ్చి సదువుకుంట కూసుంటవు. గిది సామాన్ల దుకాణమా, లైబ్రరీయా? జర మీ ఇంట్ల బిందెలు గూడ సదువరాదు" అని వెటకారం చేశాడు.

ఆ మాట పట్టుకునే ఇంటికి వచ్చాను. నా భార్యకు తల్లి లేదు, అందుకని కాన్పు మా దగ్గరే జరిగింది. పురుడు చేయడానికి మా అమ్మ ఊరి నుంచి వచ్చి, బిడ్డకు నీళ్ళు కాచేందుకు అక్కడి నుంచే ఒక ఇత్తడి బిందె తెచ్చుకుంది. ఊళ్ళో అటక మీద ఉండే ఆ బిందెను నేను ఎన్నడూ దగ్గరగా చూడలేదు. మసి తుడిచి వెలుతురుకు తిప్పితే మెడ కింద, సగం అరిగిపోయి, ఐదారు చుక్కల వరసలు. వేలితో తడుముతూ చదివాను. పగడమ్మ.

చెప్పలేను ఆ క్షణం. ముత్యాలమ్మలు, రత్నమ్మలు ఎందరో తెలుసు, పగడమ్మను మాత్రం నేను ఎక్కడా చదవలేదు, ఎవరి నోటా వినలేదు. చిన్నప్పుడు పగడ, పెద్దయ్యాక పగడమ్మ, ఎంత ఎర్రగా, ఎంత నిండుగా ఉంటుంది! బిందె ఎక్కడిదని మాత్రం అమ్మను అడిగాను. "మా అవ్వగారింటిది" అని ఆమె బిడ్డ కాళ్ళకు నూనె రాస్తూనే చెప్పింది. అయితే అమ్మ పుట్టింటి వైపు ఏ ముత్తవ్వదో అయి ఉంటుందనుకున్నాను. ఎవరిదని అడగలేదు. అడిగితే రహస్యం బయటపడుతుంది. ఎవరి కంటైనా పడుతుందేమోనని నోటుబుక్కులో కూడా ఆ ఒక్క పేరూ రాసుకోలేదు.

ఇరవయ్యొకటో రోజు చిన్న గదిలో వాడంతా ఇరుక్కుంది. మేనత్తగా మా అక్క తొట్టెల దగ్గరికి వంగినప్పుడు ఆమె చెవిలో ఆ పేరు చెప్పాను. అక్కకు కూడా అది కొత్తే, ముఖం విప్పారింది, బిడ్డ చెవిలో చిన్నగా మూడుసార్లు అని, తర్వాత అందరికీ వినబడేలా గొంతెత్తి పిలిచింది, పగడమ్మా అని.

వంటింట్లోంచి మా అమ్మ పలికింది. "ఆఁ, వస్తున్ననే!"

అలవాటుగా, తడుముకోకుండా, ఎవరో పెరట్లోంచి పిలిస్తే చిన్నపిల్ల పలికినట్టు పలికింది. చేతికి పిండి అలాగే ఉంది, గడప దగ్గరికి వచ్చి, "ఎవలు పిలిచింది నన్ను?" అంది. అప్పుడు మా అందరి ముఖాలూ చూసి ఆగిపోయింది.

పక్క వాటా ఆయన ఊరుకోడు కదా. "మంచి పేరే తీసినవు తమ్మీ, ఒక్క పిలుపుకు ఇద్దరు వస్తరు" అన్నాడు. జనం నవ్వారు. నాకు అప్పటికి పాతికేళ్ళు దాటాయి, అక్కకు ముప్ఫై, మా ఇద్దరికీ మా తల్లి పేరు లక్ష్మి అనే తెలుసు. నా కాగితాల్లో ఎక్కడ చూసినా తండ్రి పేరే అడిగారు. అమ్మ తమ్ముళ్ళు ఆమెను అక్కా అనేవారు, మేము అమ్మా అనేవాళ్ళం, పేరుతో పిలిచే మనిషే ఆమెకు ఎప్పుడో లేకుండా పోయింది.

అమ్మ చేతులు చీరకు తుడుచుకుంటూ, తప్పు తనదే అన్నట్టు చెప్పింది. "నా లగ్గంల తీసేసిండ్రు బిడ్డా ఆ పేరు. మీ నాయినమ్మది గూడ గదే, మీరు పుట్టకముందే పాయె ఆమె. కొడుకు తన పెండ్లాన్ని తల్లి పేరుతోటి ఎట్ల పిలుస్తడు? పీటల మీదనే లక్ష్మి అన్నరు. మా అయ్య అప్పటికే బిందె మీద కొట్టిచ్చిండు, గది అట్లనే ఉండిపోయింది."

అయితే మరీ మంచిది, అదే ఉంచుదామని నేను పట్టుబట్టాను. ఇన్ని రోజుల వెతుకులాట, ఇంత అవమానం, పైగా ఇప్పుడు ఆ పేరు మీద నాకు ఇంకో హక్కు వచ్చినట్టనిపించింది. అడ్డుకున్నది నా భార్య. పచ్చి బాలింత, అంతవరకూ నోరెత్తనిది, తల వంచుకునే అంది. "అత్త పేరు నేను నోటితోటి ఎట్లంట? రేపు పొల్ల అల్లరి జేస్తే ఏమని తిట్టాలె?" ముసలమ్మలందరూ నిజమే నిజమే అన్నారు. నేను ఆవేశంగా ఇవన్నీ పాత మూఢాచారాలని, పుస్తకాల్లో ఏం రాశారో తెలుసా అని మొదలుపెట్టాను. మా అమ్మ నా వైపు చూసి, కోపం లేకుండానే, "నీ బుక్కులల్ల లోకంల ఉన్న పేర్లన్ని ఉంటయంటివి గద కొడుకా. నా పేరు ఏ బుక్కుల ఉన్నది?" అంది. "ఇగ ఇడిసిపెట్టు. జర మంచి పేరు ఏదన్న పెట్టుండ్రి, పొల్లకు పాల యాళ్ళయింది" అని తనే తేల్చేసి వంటింట్లోకి వెళ్ళింది.

తొట్టెల ఊపు ఆగకూడదు, జనం చూస్తున్నారు. అక్క తన నోటికి వచ్చిన పేరు పిలిచేసింది. అదే మౌనిక. మా వాడలో ఐదోది.

మరో పది రోజులకు, నేను పొద్దుటి డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి నీళ్ళ పొయ్యి దగ్గర తళతళలాడే స్టీలు బిందె ఉంది. దాని మెడ మీద కొత్త చుక్కలతో మౌనిక అని చెక్కి ఉంది. ఇత్తడి బిందె ఏదని అడిగితే అమ్మ, బరువు, తోమ చేతనైతలేదు, ఇచ్చి ఇది తెచ్చిన అని మాత్రం చెప్పింది. నేను చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా కొట్టుకు పరుగెత్తాను. వెనక గుట్ట ఉన్న చోట ఖాళీ నేల, ఇత్తడి చిలుము రాలిన పచ్చటి మరకలు. ఆ పొద్దునే బండి వచ్చి కరిగించేచోటికి తీసుకుపోయిందట. కొట్టాయన ఆ రోజు వెటకారం చేయలేదు. "మీ అమ్మనే తెచ్చింది అన్నా. తూకం ఏసే ముంగట జరసేపు ఒళ్ళె పెట్టుకొని కూసున్నది. వద్దంటే చెప్పమన్న. తనే ఎత్తి తక్కెడల పెట్టింది" అన్నాడు.

అమ్మ పోయి పదకొండేళ్ళు. బిందె ఇచ్చేశాక ఎన్నో ఏళ్ళు మా ఇంట్లోనే ఉంది, అయినా ఆ పేరు సంగతి నేను మళ్ళీ ఎత్తలేదు, చిన్నప్పుడు ఆమెను ఎవరు ఎలా పిలిచేవారో అడగలేదు. కూర్చుని చెంబుల మీద వందమంది తెలియని ఆడవాళ్ళ పేర్లు చదివినవాణ్ణి, వండిపెట్టే మనిషిని ఒక్క మాట అడగడానికి నాకు ఏం అడ్డం వచ్చిందో ఇప్పటికీ తెలియదు. నా చదువు మీద నాకున్న కోపమంతా అక్కడే ఉంది.

ఇప్పుడు ఆ కొట్టు ఉన్నచోట మెట్రో స్తంభం నీడలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. గిన్నెల మీద పేర్లు కొట్టించేవారు మాకు తెలిసినవాళ్ళలో ఒక్కరూ లేరు, గిన్నెలు ఎవరింటివో తెలుసుకోవాల్సినంతగా ఒకరింటి నుంచి ఇంకొకరింటికి పోనూ పోవు. పాత నోటుబుక్కు తీశాను, సింగారమ్మ దగ్గర్నుంచి మాణిక్యమ్మ దాకా అందరూ ఉన్నారు, దొంగల భయంతో నేను రాయనిది ఒక్కటే లేదు. మా అమ్మాయికి ఆ ఒక్కటే పంపుదామనుకుంటున్నానని నా భార్యకు చెప్పాను. ఆమె నవ్వి, "పంపుకో. నేనైతే చిన్నీ అనే పిలుస్త" అంది. అత్తగారు పోయి ఇన్నేళ్ళయినా ఆ పేరు ఆమె నోట ఇంకా రాలేదు.

పేరు ఫోనులో కొట్టి ఉంచాను. మా అమ్మాయికి అది నచ్చుతుంది, ఎవరికీ లేని పేరని మురిసిపోతుంది, ఆ మియాపూర్ ఇంట్లో వంటిల్లూ హాలూ ఒకటే కనుక పిలుపు అన్ని మూలలకూ వినబడుతుంది. పిలిచినప్పుడల్లా పొయ్యి వైపు తిరిగి చూసేది మాత్రం నేనొక్కణ్ణే.