బంతిపూల కాగితం ముందు నా ఫోటో

ఆ రోజుల్లో వెనక గోడ బాగుంటే ముందున్న మనిషి కూడా బాగుంటాడని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇప్పుడు రోజంతా ఏడ్చే పిల్లల్ని నవ్వించి, నడుం పడిపోయి ఇంటికి చేరే నాకు నమ్మకాలేవీ మిగల్లేదు గానీ, మేడ్చల్‌లో కొత్తగా ఫోటో స్టూడియో పెట్టినప్పుడు, మనిషి వెనక గోడకు వేలాడదీసే డిజైన్ కాగితాలంటే పిచ్చి. ఇటుక గోడ, పుస్తకాల బీరువా, నీలి గళ్లు. అన్నింట్లోకీ ముద్దొచ్చింది బంతిపూల దండలు అచ్చేసిన కాగితం. (పుట్టినరోజు పిల్లల కోసం తెచ్చాను. ఒక్క పిల్ల దాని ముందు నవ్వితే ఒట్టు.)

నాగారంలో మా మేనత్త పక్కింటి అమ్మాయితో నాకు సంబంధం కుదిరేలా ఉంది. ఫోటో అడిగారు. తెల్ల చొక్కా తొడుక్కుని, ఆ కాగితం ముందు కూర్చుని, టైమర్ పెట్టి నేనే తీసుకున్నాను. దండ సరిగ్గా నా తల మీదుగా రెండు పక్కలా దిగింది. ఏమి అందం అనుకున్నాను. మేనత్తకు పంపితే, ఆవిడ (టైపు చేయడం రాదు) ఒక్క మాటా రాయకుండా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది.

ఇక మొదలైంది. "ఓం శాంతి." "అయ్యో, గింత చిన్న వయసుల!" "బంగారమసుంటి పిల్లగాడు, ఒకల జోలికి పోయెటోడు కాదు." ఈ చివరిది రాసింది, నేను ఎదురైతే మొహం తిప్పుకునే మా చిన్నాయన. కౌకూర్ నుంచి పెద్దమ్మ ఏడ్చుకుంటూ ఆటోలో వచ్చింది. తలుపు తీసింది నేనే. "బతికే ఉన్నవారా!" అని వీపు మీద రెండు తగిలించి, మళ్లీ ఏడ్చింది.

సాయంత్రానికి అమ్మాయి నాయిన ఫోన్ చేసి, "శకునం మంచిగ లేదు, మా అమ్మ వద్దంటాంది" అన్నాడు. అప్పటికే ఆ అమ్మాయి మీద మనసు పడిపోయిన నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ఆ అమ్మాయే ఫోన్ చేసింది. "మీ మేనత్త ఫోన్ల మెసేజ్‌లు అన్ని సదివిన. ఒక్కరు గూడ మిమ్ముల చెడ్డోడు అనలే. ఇసుంటోడు మళ్ల దొరుకడని మా నాయినమ్మను ఒప్పించిన."

పెళ్లయిన చాలా ఏళ్లకు, కాళ్లు పీకి కూలబడ్డ ఒక సాయంత్రం, ఉండబట్టలేక మా ఆవిడతో చెప్పేశాను. "పోయినోళ్లను ఎవరు తిడ్తరే? గందుకే మంచిగ రాసిన్రు."

"గా మాత్రం నాకు ఎరుక లేదా?" అంది టీ గ్లాసు చేతికిస్తూ. "నువ్వు బతికున్నవని తెలిసినంక ఒక్కరన్న డిలీట్ కొడ్తరేమోనని మీ మేనత్త ఫోన్ల సూస్తనే ఉన్న. ఎవ్వరు కొట్టలే."

వెనక గోడ ఎలా ఉన్నా జనం తనని మంచివాడే అనుకుంటారని ఆ తెల్ల చొక్కా కుర్రాడికి అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే, పాపం, ఉత్త గోడ ముందే కూర్చునేవాడు.